కారుకు డ్యాష్‌క్యామ్, లారీకి డీవీఆర్: మన ఎండకు, మన రోడ్లకు ఏది నిలుస్తుంది?

బండిలో కెమెరా పెట్టించాలని నిర్ణయించుకున్నాక, దుకాణానికి బయలుదేరే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోండి: ఈ వీడియోను రేపు చూడబోయేది ఎవరు? హన్మకొండ చౌరస్తాలో వెనక నుంచి తగిలిన బైకు వ్యవహారాన్ని తేల్చే పోలీసు అధికారా, బీమా సర్వేయరా? మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరిన లారీ దారిలో ఎక్కడ ఆగిందో నర్సంపేటలో ఇంటి దగ్గర కూర్చుని చూడాలనుకునే యజమానా? బస్సులో తమ బాబును ఎవరో కొట్టారని బడికి వచ్చిన తల్లిదండ్రులా? ఈ ముగ్గురికీ పనికివచ్చే పరికరాలు వేరువేరు. మొదటివారి కోసం కొన్నది మూడోవారికి ఏమీ చూపించలేదు. మూడోవారి కోసం తయారైనదాన్ని సొంత కారులో పెడితే డబ్బు దండగ, సీటు కింద చోటు దండగ.

బజారులో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. మొదటిది ముందు అద్దానికి అతికించే ఒంటి కెమెరా డ్యాష్‌క్యామ్. కెమెరా, రికార్డరు, మెమరీ కార్డు అన్నీ ఒకే చిన్న డబ్బాలో ఉంటాయి, లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటుంది. సుమారు రూ. 3,000 నుంచి మొదలవుతుంది. రెండోది జంట కెమెరాల డ్యాష్‌క్యామ్. ఒకటి ముందుకు చూస్తుంది, రెండోది వెనక అద్దం నుంచి గానీ క్యాబిన్ లోపలికి గానీ చూస్తుంది. ఇవి రూ. 5,000 నుంచి రూ. 12,000 మధ్య ఎక్కువగా కనిపిస్తాయి. మూడోది బస్సులకు, లారీలకు ఉద్దేశించిన మొబైల్ డీవీఆర్. ఇది చాలా కెమెరాల వీడియోను ఒకేచోట రికార్డు చేసే ఇనుప పెట్టె. సీటు కిందో, డ్రైవరు తల మీది అరలోనో బిగిస్తారు. నాలుగు లేదా ఎనిమిది కెమెరాలు విడివిడి వైర్లతో వచ్చి దానికి కలుస్తాయి. కెమెరాలు, నిల్వ, బిగింపు ఖర్చు కలిపితే రూ. 15,000 దాటడం మామూలే, దూరం నుంచి చూసే 4జీ సౌకర్యం తోడైతే దానికి రెట్టింపు అవుతుంది.

ఇవి కాక లోపలి అద్దం ఆకారంలో వచ్చే కెమెరాలు ఉన్నాయి. పెద్ద తెర, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నేనైతే వద్దంటాను. రాత్రిపూట తెర వెలుగు కళ్లలో పడుతుంది, బరువుకు అద్దం కిందికి జారుతుంది, తెర ఆరిపోయిన రోజు వెనక ఏముందో సరిగా కనిపించదు. పాత ఫోనును అద్దానికి తగిలించి రికార్డు చేయడం అంతకంటే పనికిరాని ఆలోచన. మన మే నెల ఎండకు అది అరగంటలో వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

మొదటి జల్లెడ ఎండ

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయని ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వరంగల్ కూడా పెద్దగా వెనకబడదు. అంత ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో గాలి 60 డిగ్రీలకు చేరుతుంది. ముందు అద్దానికి ఆనుకుని ఉండే వస్తువు అంతకంటే ఎక్కువే కాలుతుంది. డ్యాష్‌క్యామ్ ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే ఈ ప్రాంతంలో కెమెరా కొనేటప్పుడు పిక్సెళ్ల లెక్క కంటే ముందు ఒక విషయం చూడాలి: లోపల ఉన్నది లిథియం బ్యాటరీనా, సూపర్ కెపాసిటరా?

కరెంటు ఒక్కసారిగా పోయినప్పుడు చివరి వీడియో ఫైలును చెడిపోకుండా ముగించడానికి కెమెరాకు కొద్ది సెకన్ల శక్తి కావాలి. చవక కెమెరాల్లో ఆ పని చిన్న లిథియం బ్యాటరీ చేస్తుంది. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ కావడం లిథియం బ్యాటరీకి పడదు. ఒకటి రెండు వేసవులు గడిచేసరికి అది ఉబ్బుతుంది, కెమెరా డబ్బా విచ్చుకుంటుంది, తేదీ, సమయం మాటిమాటికీ మొదటికి వచ్చేస్తాయి. సూపర్ కెపాసిటర్ వేడిని చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. దానికి ఉన్న లోటు ఒక్కటే: బండి కరెంటు లేకుండా కెమెరా నడవదు. కారులో బిగించిన కెమెరాకు అది అసలు లోటే కాదు. పెట్టె మీద, వివరాల పత్రంలో సూపర్ కెపాసిటర్ అన్న మాట కనిపించకపోతే దుకాణదారు ఎంత నమ్మకంగా చెప్పినా పక్కన పెట్టండి. పనిచేసే ఉష్ణోగ్రత పరిమితి కూడా అక్కడే రాసి ఉంటుంది. 60 కంటే 65, 65 కంటే 70 మేలు.

ఎండ విషయంలో మరో రెండు మాటలు. రబ్బరు కప్పుతో అద్దానికి అంటుకునే స్టాండు వేసవి మధ్యాహ్నం ఊడి పడిపోతుంది. రెండు వైపులా జిగురున్న టేపుతో అంటించే కెమెరానే తీసుకోండి. ఇక కారు నిలిపాక ముందు అద్దానికి వెండిరంగు అట్ట పెట్టే అలవాటు ఉంటే, కెమెరా అద్దానికీ ఆ అట్టకూ మధ్య చిక్కుకుని మరింత కాలుతుంది. కెమెరా ఉన్నచోట అట్టను కొద్దిగా కత్తిరించుకుంటే సరిపోతుంది.

నంబరు ప్లేటు కనబడాలంటే

వీడియోలో పిక్సెళ్లు బాగా ఎక్కువని చెప్పే 4కే అన్న మాటకు దుకాణాల్లో గొప్ప గిరాకీ ఉంది. పగటిపూట 4కే నిజంగానే మేలు చేస్తుంది. ఓవర్‌టేక్ చేసి వెళ్లిపోయిన బండి నంబరు కొంచెం ఎక్కువ దూరం నుంచి చదవగలుగుతాం. రాత్రి కథ వేరు. పరకాల రోడ్డు మీద ఎదురుగా హైబీమ్ వేసుకుని వచ్చే లారీ ముందు ఏ కెమెరాకైనా కళ్లు చెదురుతాయి. అప్పుడు పని చేసేది సెన్సరు నాణ్యత, వెలుగు నీడల తేడాను సర్దే హెచ్‌డీఆర్ లేదా డబ్ల్యూడీఆర్. పిక్సెళ్లు తక్కువైనా మంచి రాత్రి సెన్సరు ఉన్న 2కే కెమెరా, నాసి సెన్సరు ఉన్న 4కే కెమెరా ఒకే ధరకు దొరికితే మొదటిదే కొనండి. వేగంగా ఎదురొచ్చే బండి నంబరును చీకట్లో ఏ డ్యాష్‌క్యామ్ కూడా ఖాయంగా పట్టుకోలేదు. ఆ మాట చెప్పి అమ్మే దుకాణం దొరికితే అక్కడే కొనవచ్చు.

లెన్సు కోణం 170 డిగ్రీలు అంటే గొప్ప అనుకోవద్దు. ఎంత వెడల్పుగా చూపిస్తే ముందున్న బండి అంత చిన్నదిగా పడుతుంది. 140 డిగ్రీల దగ్గర ఉన్నవి మన రెండు వరుసల రోడ్లకు సరిపోతాయి. సెట్టింగులలో 50 హెర్ట్జ్ ఎంచుకోవడం మరిచిపోవద్దు. 60 దగ్గర వదిలేస్తే మన వీధి దీపాలు వీడియోలో మినుకుమినుకుమంటాయి.

దారి గీత దాటితే బీప్, ముందు బండికి దగ్గరైతే బీప్ అనే హెచ్చరికలకు అదనంగా డబ్బు పెట్టకండి. వరి కోతల కాలంలో రోడ్డు సగం వడ్లతో నిండి, మిగతా సగంలో రెండు వైపుల బండ్లూ తప్పుకుంటూ పోయే చోట ఆ హెచ్చరికలు ఆగకుండా మోగుతాయి. రెండో రోజే మీరు వాటిని ఆపేస్తారు. ఒక్క మినహాయింపు చెబుతాను. రాత్రి లారీలకు డ్రైవరు కనురెప్పలు వాలడాన్ని కనిపెట్టి హెచ్చరించే కెమెరా వేరే సంగతి. బొగ్గు, ఇసుక, గ్రానైటు రవాణాలో తెల్లవారుజామున స్టీరింగ్ పట్టుకుని ఉండే మనిషికి అది ప్రాణం కాపాడే వస్తువు. దానికి ఖర్చు పెట్టడంలో వెనకాడవద్దు.

కార్డు ఎన్ని గంటలు పడుతుంది

2కే కంటే తక్కువ పిక్సెళ్లుండే 1080పీ వీడియో సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 6 జీబీ పైచిలుకు నిండుతుంది. అంటే 64 జీబీ కార్డు సుమారు తొమ్మిది గంటలు. వెనక కెమెరా కూడా ఉంటే దాదాపు సగానికి పడిపోతుంది. 4కే అయితే ఇంకా తక్కువ. కార్డు నిండాక పాత ఫైళ్లను చెరిపి కొత్తవి రాస్తూ పోతుంది. రోజూ కాజీపేట నుంచి వరంగల్ ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి ఇది వారం రోజుల నిల్వ. అదే మేడారం జాతర రద్దీలో పది గంటలు బండిలోనే గడిస్తే పొద్దున జరిగినది రాత్రికి మిగలదు. ఒంటి కెమెరాకు 64, జంట కెమెరాలకు 128, 4కే ఉంటే 256 జీబీ పెట్టుకోండి. కెమెరా ఎంత కార్డును తీసుకుంటుందో ముందే చూసుకోవాలి.

కార్డు పరిమాణం కంటే దాని రకం ముఖ్యం. ఫోనుల కోసం చేసిన మామూలు కార్డు ఆగకుండా రాయడం, చెరపడం తట్టుకోలేక కొన్ని నెలల్లో చచ్చిపోతుంది. అది చచ్చిన సంగతి కెమెరా చాలాసార్లు చెప్పదు, దీపం వెలుగుతూనే ఉంటుంది. నిఘా కెమెరాల కోసం ప్రత్యేకంగా చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డులు ఉన్నాయి. వందల రూపాయల తేడా కోసం వాటిని వదలకండి. నకిలీ కార్డుల బెడద కూడా ఉంది కాబట్టి బిల్లుతో కొని, ఇంటికి రాగానే కంప్యూటర్‌లో పూర్తిగా నింపి చూసుకోవాలి. నెలకోసారి కెమెరాలోనే కార్డును ఫార్మాట్ చేయడం మంచి అలవాటు.

ఇక్కడే మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల ప్రసక్తి వస్తుంది. బండికి కుదుపు తగిలితే దాన్ని ప్రమాదంగా భావించి ఆ ఫైలును చెరగకుండా తాళం వేసే జీ-సెన్సరు దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంటుంది. దాన్ని ఎక్కువ సున్నితంగా పెడితే ప్రతి గుంతకూ, ఊరి ముందు పోసిన ప్రతి మట్టిగడ్డకూ ఒక ఫైలు తాళం పడుతుంది. కొన్నాళ్లకు కార్డంతా తాళాలు వేసిన ఫైళ్లే నిండి, అసలు ప్రమాదానికి చోటు ఉండదు. దాన్ని తక్కువలో పెట్టండి.

నిలిపిన బండికి కాపలా

ఇంటి ముందు, కాలనీ గల్లీలో నిలిపిన కారుకు రాత్రి ఎవరో గీత పెట్టి వెళ్లిపోవడం చాలామందికి అనుభవమే. అది పట్టుకోవాలంటే బండి ఆపాక కూడా కాపలా కాసే పార్కింగ్ మోడ్ కావాలి, పార్కింగ్ మోడ్‌కు ఇగ్నిషన్ ఆపినా అందే కరెంటు కావాలి. లైటర్ సాకెట్ చాలా కార్లలో తాళం తీయగానే ఆగిపోతుంది కాబట్టి ఫ్యూజు పెట్టె నుంచి వైరింగ్ చేయించాలి.

బ్యాటరీ దిగిపోతుందేమోనన్న భయం సహజం, లెక్క వేసి చూద్దాం. డ్యాష్‌క్యామ్ సుమారు 4 వాట్లు తీసుకుంటుందనుకుంటే 12 వోల్టుల దగ్గర అది ఆంపియరులో మూడో వంతు. పన్నెండు గంటల రాత్రికి 4 ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 నుంచి 45 ఆంపియర్-అవర్లు ఉంటుంది కాబట్టి రోజూ నడిచే బండికి ఇది లెక్కలోకి రాదు. వారం రోజులు బండి కదలకపోతే 55 దాటుతుంది, అంటే మొత్తం బ్యాటరీ ఖాళీ. అందుకే వోల్టేజీ పడిపోగానే కెమెరాను ఆపేసే కటాఫ్ ఉన్న వైరింగ్ కిట్టునే అడిగి తీసుకోండి. కొత్త బ్యాటరీకి 12.0 వోల్టులు, రెండేళ్లు దాటిన బ్యాటరీకి 12.4 దగ్గర పెట్టుకోవచ్చు. రోజంతా ఎండలో నిలిచే బండిలో మాత్రం పగలు పార్కింగ్ మోడ్ ఆపేయడమే కెమెరాకు ఆరోగ్యం.

సొంత కారుకు ఏది

ఊరికీ ఆఫీసుకీ తిరిగే కుటుంబ కారుకు నా ఎంపిక జంట కెమెరాలు: ముందు 2కే, వెనక 1080పీ, సూపర్ కెపాసిటర్, కటాఫ్ ఉన్న వైరింగ్. జీపీఎస్ ఉంటే వేగం, చోటు, సరైన సమయం వీడియో మీద పడతాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి: మీరు వందకు పైన పోతున్నారని కూడా అదే వీడియో చెబుతుంది. నిదానంగా నడిపేవారికి జీపీఎస్ అండ, దూకుడుగా నడిపేవారికి అది ఎదురు సాక్షి.

వెనక కెమెరా ఎందుకంటే, రద్దీ రోడ్ల మీద ఆగి ఉన్న కారును వెనక నుంచి వచ్చి గుద్దడమే పదేపదే జరిగే సంఘటన. ముందు కెమెరా ఆ కుదుపును మాత్రమే చూపిస్తుంది, గుద్దినవారిని చూపించదు. బడ్జెట్ ఒంటి కెమెరాకే సరిపోతే అదే కొనండి, కానీ తర్వాత వెనక కెమెరా కలుపుకోగల మోడల్ ఎంచుకోండి. వెనక అద్దానికి నల్ల ఫిల్ము ఉంటే రాత్రి ఆ కెమెరా ఏమీ చూడదు. అసలు నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లోనే వద్దన్నది.

సెవెంటీమై, క్యూబో, డీడీపాయ్, సీపీ ప్లస్ వంటి పేర్లు దుకాణాల్లో వినిపిస్తాయి. పేరు చూసి కాక, ఆ మోడల్‌కు దగ్గర్లో సర్వీసు ఉందా, వెనక కెమెరా కేబులు విడిగా దొరుకుతుందా అన్నది చూసి తేల్చుకోండి. విదేశం నుంచి తెప్పించిన గొప్ప కెమెరా కేబులు తెగి మూలన పడితే దానికంటే ఇక్కడ బాగుచేసే సాధారణ కెమెరా నయం.

ట్యాక్సీ నడిపేవారికి వెనక అద్దం కెమెరా కంటే క్యాబిన్ కెమెరా మిన్న. కాజీపేట స్టేషన్ దగ్గర అర్ధరాత్రి ఎక్కిన సవారీతో గొడవ వస్తే ఇద్దరికీ అదే రక్షణ. చీకట్లోనూ కనబడేలా ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్నది తీసుకుని, లోపల రికార్డింగ్ జరుగుతోందని తెలుగులో ఒక స్టిక్కరు తప్పక అంటించండి. మాటల రికార్డింగ్ ఆపి ఉంచడం మర్యాద. సవారీలు ఫోనులో మాట్లాడుకునే ఇంటి విషయాలు మనకు అక్కర్లేదు.

లారీ, టిప్పర్, డీసీఎం

ఈ బండ్లకు డ్యాష్‌క్యామ్ చాలదు. పెద్ద బండి ప్రమాదంలో ఉంటే చేరిన జనం ముందుగా డ్రైవరు మీదే చేయి చేసుకుంటారు. పెద్ద బండిదే తప్పన్న మాట తేలిపోయాక వినేవారు ఉండరు. ఎడమ పక్క నుంచి దూరి వచ్చిన బైకును డ్రైవరు అద్దంలో చూడలేడని, టైరు దగ్గర ఏం జరిగిందని చూపించగలిగేది పక్క కెమెరా మాత్రమే. అందుకని లారీకి నా లెక్క నాలుగు: ముందు, ఎడమ పక్క, వెనక, క్యాబిన్. నాలుగో దాని స్థానంలో కుడి పక్క అడిగే యజమానులు ఉన్నారు, సరుకు పోతుందన్న అనుమానంతో లోడు మీద పెట్టించేవారూ ఉన్నారు. ఎడమ పక్కను మాత్రం ఏ కారణానికీ వదలకండి.

మొబైల్ డీవీఆర్ కొనేటప్పుడు చూడవలసింది 8 నుంచి 36 వోల్టుల దాకా తీసుకునే పవర్ ఇన్‌పుట్. కార్లు 12 వోల్టులు, పెద్ద లారీలు, బస్సులు 24 వోల్టులు. రెంటికీ ఒకే పెట్టె సరిపోవాలి. ఇక్కడ కొందరు మెకానిక్కులు చేసే ఒక పని ఉంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. 24 వోల్టుల లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. 12 వోల్టుల కెమెరా పెట్టడానికి ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగుతారు. ఆ బ్యాటరీ రోజూ తక్కువ చార్జ్ అవుతుంది, రెండోది ఎక్కువ అవుతుంది, కొన్ని నెలల్లో రెండూ పాడవుతాయి. కావలసింది 24 నుంచి 12కు దించే కన్వర్టరు గానీ నేరుగా 24 తీసుకునే పెట్టె గానీ.

నిల్వ సంగతి. నాలుగు కెమెరాలు 720పీలో ఒక్కొక్కటి 2 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 3.6 జీబీ. రోజుకు పది గంటలు నడిచే బండికి 36 జీబీ. 1 టీబీ డిస్కులో దాదాపు 27 రోజుల వీడియో ఉంటుంది. సింగరేణి గనుల దారుల్లో, క్వారీల్లో నడిచే టిప్పర్‌కు లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కు వద్దు, కుదుపులకు నిలవదు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ లేదా పెద్ద మెమరీ కార్డులు పెట్టించండి. తారు రోడ్డు మీదే నడిచే బస్సుకు రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టిన హార్డ్ డిస్కు సరిపోతుంది.

కెమెరా వైరు చివర మరతో బిగుసుకునే గుండ్రని నాలుగు పిన్నుల కనెక్టరు ఉండాలి. ఇంటి సీసీ కెమెరాలకు వాడే కనెక్టర్లు బండి కుదుపులకు వదులై, ఏ గంటలో బొమ్మ పోయిందో తెలియకుండా పోతాయి. బయట బిగించే కెమెరాలకు దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ ఐపీ67 స్థాయికి తగ్గకుండా, ప్రెషర్ నీళ్లతో కడిగే బండ్లకు ఐపీ69కే స్థాయిలో అడగండి. వైర్లన్నీ గొట్టంలోంచి పోవాలి. మార్కెట్ యార్డులో రాత్రుళ్లు నిలిచే లారీల్లో వైర్లను ఎలుకలు వదలవు.

4జీ కావాలా? ఒకే లారీ ఉండి, దాన్ని యజమానే నడుపుకుంటుంటే అక్కర్లేదు. మూడు నాలుగు బండ్లు దాటితే కావాలి. ఒక కెమెరాను తక్కువ నాణ్యతలో, సెకనుకు 512 కిలోబిట్ల దగ్గర చూస్తే గంటకు 230 ఎంబీ ఖర్చవుతుంది. రోజంతా నాలుగూ తెరిచి కూర్చుంటే ఏ ప్యాకేజీ సరిపోదు. అవసరమైనప్పుడు తెరిచి చూసుకోవాలి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో సిగ్నల్ పోయే చోట్లు ఉంటాయి కాబట్టి ప్రత్యక్ష ప్రసారాన్నే నమ్ముకోవద్దు. పెట్టెలో రికార్డింగ్ ఎలాగూ సాగుతూనే ఉంటుంది. పర్మిట్ కోసం బిగించిన, బండి ఎక్కడుందో తెలిపే ఏఐఎస్-140 ట్రాకర్ ఉన్న బండి అయితే, డీవీఆర్ దానికి బదులు కాదు. ఆ ట్రాకర్ వైర్ల మీద డీవీఆర్ కలపనివ్వకండి.

డ్రైవరుకు చెప్పకుండా క్యాబిన్ కెమెరా పెట్టే యజమానులకు ఒక మనవి. అది నిఘాగా కనిపిస్తే మూడో రోజు దాని మీద టవల్ పడుతుంది. ప్రమాదంలో తన పక్షాన నిలిచేది ఇదేనని కూర్చోబెట్టి చెప్పండి, రికార్డయిన వీడియో ఒకటి చూపించండి. ఆ తర్వాత ఆ కెమెరా మీది దుమ్మును తుడిచి పెట్టేది అతడే.

స్కూలు బస్సు

అన్నింటికంటే జాగ్రత్త ఇక్కడ కావాలి. అనుబంధ పాఠశాలల బస్సుల్లో జీపీఎస్, సీసీ కెమెరాలు ఉండాలని సీబీఎస్‌ఈ 2017లో చెప్పింది. ఏ బోర్డు బడి అయినా అది చేయవలసిన పనే. కెమెరాలు నాలుగున్నా రెండున్నా, మొదటిది తలుపు మెట్ల మీదికి చూడాలి. పిల్లలు జారేది, బ్యాగు పట్టీ ఇరుక్కునేది అక్కడే. రెండోది వెనక నుంచి సీట్లన్నీ కనబడేలా ఉండాలి. నిద్రపోయిన పిల్లవాడు బస్సులోనే మిగిలిపోకుండా చూసేది మొదట మనిషి కన్నే, ఆయా చివరి సీటు దాకా నడిచి చూడటానికి కెమెరా బదులు కాదు. లోపలి కెమెరాలు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌వి తీసుకుంటే చీకటి పొద్దున ఎర్రని చుక్కలు పిల్లల కళ్ల ముందు వెలగవు.

నిల్వ నెల రోజులకు తగ్గకూడదు, ఎందుకంటే పిల్లలు జరిగిన సంగతి ఆ రోజే చెప్పరు. ప్రత్యక్ష ప్రసారం లింకును తల్లిదండ్రులందరి గ్రూపులో పెట్టడానికి నేను పూర్తిగా వ్యతిరేకం. అది మీ పిల్లవాడినే కాదు, ఇంకో నలభై మంది పిల్లలను ఎవరెవరికో చూపిస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగా లెక్కించి వారి సమాచారానికి అదనపు రక్షణ పెట్టింది. పెట్టె తాళంచెవి, పాస్‌వర్డు బడిలో బాధ్యత గల ఇద్దరి దగ్గరే ఉండాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి.

ప్రమాదం తర్వాత

సంఘటన జరిగిన వెంటనే, గాయపడినవారికి సాయం అందాక, కెమెరా మీద ఫైలు తాళం వేసే బటన్ నొక్కి, రికార్డింగ్ ఆపి, కార్డు బయటికి తీసి భద్రపరచండి. లేకపోతే పోలీస్ స్టేషన్ ఆవరణలో నిలిచిన బండిలోనే ఆ వీడియో మీద కొత్త వీడియో రాసుకుపోతుంది. వాట్సాప్‌లో పంపిన నకలు సాక్ష్యంగా బలహీనం, అది నాణ్యతను కుదించేస్తుంది. కత్తిరించకండి, బాణం గుర్తులు పెట్టకండి. అసలు కార్డును కదిలించకుండా ఉంచి, నకలు మాత్రమే తిప్పండి.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య, అంటే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఈ కారణంగానే కెమెరా గడియారం సరిగా ఉండటం అంత ముఖ్యం. 2019 తేదీతో రికార్డయిన నిన్నటి ప్రమాదాన్ని వివరించడం లాయరుకు కష్టం. బీమా ప్రీమియం తగ్గుతుందని దుకాణంలో చెబితే నమ్మవద్దు, మీ బీమా సంస్థ రాసి ఇస్తేనే అది నిజం. కెమెరా ఖరీదైనదైతే పాలసీలో విద్యుత్ అనుబంధ పరికరాల కవర్‌లో, అంటే ఐఎంటీ-24 కింద, చేర్చమని అడగవచ్చు.

బిగించే చేతులు

మంచి కెమెరాను చెడ్డగా బిగిస్తే చెడ్డ కెమెరాతో సమానం. ఆటోనగర్‌లోనో, కారు సామాన్ల దుకాణంలోనో పని చేయించేటప్పుడు పక్కనే ఉండండి. కెమెరా లోపలి అద్దం వెనక, డ్రైవరు చూపుకు అడ్డు రాకుండా, వైపరు తుడిచే మేరలో ఉండాలి. వానాకాలంలో ఈ చివరి మాట విలువ తెలుస్తుంది. పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న కారు అయితే వైరు దాని వెనక నుంచి పోవాలి. ముందు నుంచి పోతే ఎయిర్‌బ్యాగు విచ్చుకునే దారికి అడ్డం పడుతుంది, వైరు మనిషి ముఖం మీదికి వస్తుంది. డిక్కీ తలుపు ఉన్న కార్లలో వెనక కెమెరా వైరు కంపెనీ రబ్బరు గొట్టంలోంచే దూరాలి. బయట నుంచి లాగితే తలుపు తీసి వేసినప్పుడల్లా మడతపడి ఏడాదిలో తెగుతుంది.

కరెంటు తీసేటప్పుడు కంపెనీ వైరును కోసి టేపు చుట్టే పద్ధతిని ఒప్పుకోకండి. వారంటీ పోతుంది, మంట పుట్టే అవకాశం ఉంటుంది. ఫ్యూజు పెట్టెలో దూరే ట్యాప్ ఉంటుంది, దానికి సొంత చిన్న ఫ్యూజు ఉంటుంది, అది వాడించండి. ఎయిర్‌బ్యాగు, బ్రేకు, ఇంజిన్ ఫ్యూజుల జోలికి పోకూడదు. బ్యాటరీ నుంచి నేరుగా లాగవలసివస్తే బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. వైరింగ్ కిట్టులో మూడు వైర్లు ఉంటాయి: ఎప్పుడూ కరెంటు ఉండేది, ఇగ్నిషన్‌తో వచ్చేది, ఎర్త్. ఎరుపు, పసుపు రంగుల అర్థం ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ తారుమారవుతుంది. రంగు చూసి కాక, వైరు మీది కాగితం చూసి, టెస్టరు పెట్టి కలిపే మనిషినే నమ్మండి.

డబ్బు చేతిలో పెట్టే ముందు ఇంజిన్ ఆపి, కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి వెళ్లిందో చూడండి. మళ్లీ స్టార్ట్ చేసి హారను, లైట్లు, వైపరు, ఎఫ్ఎం రేడియో పరీక్షించండి. చవక చార్జర్లు రేడియోలో గరగర పుట్టిస్తాయి. ఒక చుట్టు తిరిగివచ్చి, కార్డు తీసి, అన్ని కెమెరాల వీడియో తేదీ, సమయంతో సహా ఉన్నదో లేదో ఆ దుకాణంలోని కంప్యూటర్‌లోనే చూడండి. లారీ అయితే ప్రతి కెమెరా వైరును చేత్తో కదిపి, తెర మీద బొమ్మ నిలుస్తుందో గమనించండి. బిల్లు మీద మోడలు పేరు, సీరియల్ నంబరు, బిగించిన తేదీ రాయించుకుని, దాని ఫొటో ఫోనులో పెట్టుకోండి.